దవడ గడ్డకు ఆపరేషన్ అన్నారా? మొదటి ఎక్స్‌రే నుంచి కొత్త పళ్లు కట్టేదాకా ఏం చేయాలి

“దవడ ఎముక కోసి తీసేస్తామంటున్నారు. ముఖం ఏమైపోతుంది? మళ్లీ అన్నం నమిలి తినగలమా?” దేవరకొండ, మిర్యాలగూడ నుంచైనా, అటు కల్వకుర్తి, అచ్చంపేట నుంచైనా వచ్చే కుటుంబాలు మొదట అడిగేవి ఇవే. మూడోది ఖర్చు. నల్లగొండలో పళ్ల డాక్టరుగా ఒక్కొక్కరికీ చెబుతూ వస్తున్న జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఆపరేషన్ చేసేది సర్జన్లే. అయితే దానికి ముందూ వెనకా మీరు, మీ ఇంటివాళ్లు చేయాల్సిన పని చాలా ఉంది. ఫలితం సగం దాని మీదే ఆధారపడుతుంది.

ఒక్క మాట మాత్రం మొదట్లోనే చెప్పాలి. ఎముక తీసేది ఎలా, దాని స్థానంలో పెట్టేది ఏమిటి అన్న రెండు విషయాలూ కత్తి పెట్టకముందే తేలిపోవాలి. “ముందు గడ్డ తీసేద్దాం, మిగతాది తర్వాత చూద్దాం” అని వెళ్లినవాళ్లకే ఎక్కువ కష్టం వస్తోంది.

గడ్డలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది క్యాన్సర్ కాదు, కానీ ఎముకను లోపల్నుంచి తినేస్తూ పోతుంది. అమెలోబ్లాస్టోమా ఈ రకమే. పన్ను తయారయ్యే కణజాలంలో పుడుతుంది, ఎక్కువగా కింది దవడ వెనక భాగంలో, నొప్పి లేకుండా పెరుగుతుంది. పైపైన గీకి తీస్తే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే పెద్ద గడ్డలకు చుట్టూ 1 నుంచి 2 సెంటీమీటర్ల మంచి ఎముకతో కలిపి తీస్తారు. “క్యాన్సర్ కాదన్నారుగా, ఇంత ఎముక ఎందుకు తీస్తున్నారు?” అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. రెండోది నోటి క్యాన్సర్ దవడకు పాకడం. గుట్కా, ఖైనీ, జర్దా ఒత్తి పెట్టుకునే బుగ్గ మూలలోనే ఇది ఎక్కువగా మొదలవుతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఒక ప్లాస్టిక్ ఫైలు కొనండి. అందులో ఇవి పెట్టండి: పాతవీ కొత్తవీ అన్ని ఎక్స్‌రేలు, బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు, సీటీ స్కాన్ సీడీ, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు, వాడుతున్న మందుల చీటీ. షుగర్, బీపీ ఉంటే ఆ రీడింగులు కూడా. గడ్డ రాకముందు నవ్వుతూ దిగిన ఫొటో ఒకటి తప్పనిసరిగా పెట్టండి. పెళ్లి ఆల్బమ్‌లోదైనా పర్వాలేదు. పళ్ల వరుస, పెదవి ఎత్తు, ముఖం వెడల్పు మళ్లీ కట్టేటప్పుడు ఆ ఫొటో చాలా పనికొస్తుంది. దీన్ని అడగడం చాలామందికి గుర్తుండదు.

1. గడ్డ ఏమిటో తేలకముందు పన్ను పీకించుకోవద్దు

మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది: పన్ను కదులుతుంది, ఎక్కడో పీకించుకుంటారు, పుండు మానదు, యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడతారు. ఈలోగా నెలలు గడిచిపోతాయి. కింది వాటిలో ఏదున్నా ముందు ఓపీజీ తీయించండి. రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రే అది, జిల్లా కేంద్రాల్లో దొరుకుతుంది.

- రెండు మూడు వారాలైనా తగ్గని వాపు లేదా పుండు
- చిగురు బాగానే ఉన్నా కదులుతున్న పళ్లు
- కింది పెదవి ఒక పక్క తిమ్మిరి
- పన్ను పీకిన గుంత మానకపోవడం
- ఎప్పుడూ సరిపోయే కట్టుడు పళ్లు ఉన్నట్టుండి బిగుతు కావడం

హెచ్చరిక: దవడలో వచ్చే గడ్డల్లో కొన్ని రక్తనాళాలతో నిండినవి ఉంటాయి. అలాంటి చోట పన్ను పీకితే రక్తం ఆగదు. పసరు కట్టడం, వాత పెట్టడం అసలే వద్దు.

మన దగ్గర ఇంకో ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లకు గారపట్టినవాళ్లు, “ఇది కూడా ఫ్లోరైడేనా సార్?” అంటారు. పళ్ల మీది గోధుమరంగు మచ్చలు వేరు, దవడలో పెరిగే గడ్డ వేరు. “మా ఊళ్లో అందరికీ ఇలాగే ఉంటుంది” అని వాపును వదిలేయకండి.

2. బయాప్సీ చేయించండి, భయపడకండి

“ముక్క తీస్తే గడ్డ పాకుతుంది” అన్న మాట ఊళ్లలో గట్టిగా నాటుకుంది. అది నిజం కాదు. గడ్డ పేరు తెలియకుండా ఎంత ఎముక తీయాలో ఏ సర్జనూ చెప్పలేరు. రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లు, తీసిన ముక్కను దాచి ఉంచే మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడ మళ్లీ చూస్తామంటారు. బ్లాకు చేతిలో ఉంటే రెండోసారి ముక్క తీయాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.

3. సీటీ స్కాన్ సరైన పద్ధతిలో తీయించండి

మీ దవడకే సరిపోయేలా చేసే కస్టమ్ ప్లేటైనా, త్రీడీ ప్రింట్ దవడ నమూనా అయినా మీ సీటీ నుంచే తయారవుతుంది. దర్జీకి తప్పు కొలత ఇచ్చి చొక్కా బాగా కుట్టమంటే ఎలా కుదురుతుంది? ఇదీ అంతే. స్కాన్ సెంటర్లో ఈ మూడూ చెప్పండి:

- స్లైసులు 1 మిల్లీమీటరు లేదా అంతకన్నా సన్నగా ఉండాలి.
- ఫిల్ములతో సరిపెట్టొద్దు. డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు) సీడీలో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ కావాలి.
- కాలి ఎముకతో దవడ కట్టే ఆలోచన ఉంటే కాళ్ల రక్తనాళాల సీటీ యాంజియో కూడా కావాలేమో సర్జన్‌ను ముందే అడిగి, రెండూ ఒకేసారి తీయించుకోండి. ఒక ప్రయాణం తగ్గుతుంది.

సరిచూసుకోండి: సెంటర్ నుంచి కదలకముందే సీడీ అక్కడి కంప్యూటర్లో తెరిపించి, పేరు మీదేనా అని చూడండి. ఫిల్మును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే దాంతో ప్లేటు తయారు కాదు.

స్కాన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య వారాలు గడిచిపోతే గడ్డ పెరుగుతుంది. పాత కొలతతో చేసిన కటింగ్ గైడు (ఎముక ఎక్కడ కోయాలో చూపేది), ప్లేటు అప్పుడు సరిపోవు. తేదీ వాయిదా పడిన ప్రతిసారీ “మళ్లీ స్కాన్ కావాలా?” అని మీరే అడగండి.

4. ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు ఎలా

మొదటి పరీక్ష, బయాప్సీ దగ్గర్లోనే అవుతాయి. నార్కట్‌పల్లిలో కామినేని డెంటల్ కాలేజీ, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ డెంటల్ కాలేజీ ఉన్నాయి. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ, పంజాగుట్ట నిమ్స్, క్యాన్సర్ అయితే రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే, బంజారాహిల్స్ బసవతారకం ఉన్నాయి. బీబీనగర్ ఎయిమ్స్ రైల్లో వెళ్లే నల్లగొండ వాళ్లకు దారిలోనే వస్తుంది.

ఆసుపత్రి పేరు ఒక్కటే చూసి ఎంచుకోవద్దు. ముగ్గురు ఉన్నారా అని అడగండి: గడ్డ తీసే సర్జన్, సన్నని రక్తనాళాలు కలిపి కుట్టగల ప్లాస్టిక్ సర్జన్ లేదా ఆ శిక్షణ ఉన్నవారు, కట్టుడు పళ్ల స్పెషలిస్టు అంటే ప్రోస్తోడాంటిస్ట్. ఈ మూడో మనిషిని ఎవరూ అడగరు. నా అనుభవంలో అన్నింటికన్నా పెద్ద పొరపాటు ఇదే.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి విడివిడిగా అడగండి: గడ్డ తీయడానికి ప్యాకేజీ ఉందా? ఎముక కట్టడానికి ఉందా? మామూలు ప్లేటు వస్తుందా, కస్టమ్ ప్లేటు కూడా వస్తుందా? పళ్లు కట్టడం వస్తుందా? “అన్నీ వస్తాయి” అన్న నోటిమాటతో ఊరుకోకుండా కాగితం మీద రాయించుకోండి. మిగిలిన ఖర్చుకు సీఎం సహాయ నిధి కింద ఎల్‌వోసీ (ఖర్చు చెల్లిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) కావాలంటే ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేట్‌తో ఆపరేషన్‌కు ముందే ఎమ్మెల్యే ఆఫీసులో ఇవ్వాలి.

5. ప్లాన్ చెప్పే రోజు ఇంట్లో ఇద్దరు వెళ్లండి

ఒక్కరే వెళ్తే టెన్షన్‌లో సగం వినపడదు. కింది దవడకైతే మీ ముందుకు వచ్చే దారులు ఇవి.

*ప్లేటు మాత్రమే.* ఎముక తీసి టైటానియం ప్లేటు బిగిస్తారు. ఆపరేషన్ చిన్నది. ఒళ్లు తట్టుకోలేని పెద్దవాళ్లకు ఇది సరైనదే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ స్క్రూలు వదులవడం, ప్లేటు విరగడం, చర్మంలోంచి బయటపడడం జరగొచ్చు. గడ్డం ముందు భాగంలో, రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ.

*కాలి ఎముక, ప్లేటు.* పిక్క పక్కన ఉండే సన్న ఎముక ఫిబులా. దాన్ని రక్తనాళాలతో సహా తీసి, దవడ ఆకారంలో ముక్కలు చేసి, మెడలోని రక్తనాళాలకు కలుపుతారు. 1989 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. “కాలు కుంటుతుందా?” అని అందరూ అడుగుతారు. శరీరం బరువు మోసేది పక్కనున్న పెద్ద ఎముక. మడమ దగ్గర 6 నుంచి 8 సెంటీమీటర్ల ఫిబులాను వదిలేస్తారు కాబట్టి చీలమండ నిలబడుతుంది. తర్వాత ఇంప్లాంట్ పళ్లు (ఎముకలో స్క్రూలా బిగించేవి) కావాలనుకునే వయసులో ఉంటే నేను చెప్పేది ఇదే.

*కస్టమ్ ప్లేటు.* బాగున్న పక్కను కంప్యూటర్లో అద్దంలోలా తిప్పి, దాని ప్రకారం మీ ఒక్కరికే సరిపోయేలా చేసేది. ఎముక ఎక్కడ కోయాలో చూపే గైడు కూడా దాంతో వస్తుంది. ఎముక సరిగ్గా కూర్చుంటుంది, థియేటర్లో సమయం కలిసొస్తుంది. ఖర్చు మాత్రం ఎక్కువ.

డబ్బు కుదరకపోతే నిరాశ పడకండి. అదే సీటీతో దవడ నమూనాను ప్లాస్టిక్‌లో త్రీడీ ప్రింట్ చేయించి, మామూలు ప్లేటును ఆపరేషన్‌కు ముందే దాని మీద వంచి, స్టెరిలైజ్ చేసి పెట్టుకోవచ్చు. ఖర్చు చాలా తక్కువ, ఫలితం బాగుంటుంది. “నమూనా మీద ముందే వంచుతారా సార్?” అని అడగడానికి మొహమాటపడొద్దు.

పై దవడ లెక్క వేరు. అక్కడ ఎముక తీస్తే నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం పడుతుంది. దాన్ని చేతి నుంచో మరోచోటి నుంచో తీసిన కండతో మూయొచ్చు, లేదా ఆబ్ట్యురేటర్‌తో మూయొచ్చు. ఇది పళ్ల సెట్టు లాంటిదే, పైన రంధ్రాన్ని మూసే బుడిపె ఉంటుంది. మూడు దశల్లో తయారవుతుంది: ఆపరేషన్ బల్ల మీదే పెట్టేది, గాయం మానేటప్పుడు మార్చుతూ వాడేది, 3 నుంచి 6 నెలల తర్వాత గాయం స్థిరపడ్డాక చేసే అసలుది. మొదటిదానికి పళ్ల అచ్చు ఆపరేషన్‌కు ముందే తీయాలి. అచ్చు తీయలేదంటే, మత్తు వదిలాక తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట అర్థం కాదు. కాబట్టి అడ్మిట్ అయ్యేలోపు అచ్చు తీశారో లేదో మీరే గుర్తు చేయండి.

6. ఆపరేషన్‌కు ముందు వారాలు

గుట్కా, ఖైనీ, బీడీ, సిగరెట్ పూర్తిగా ఆపాలి. నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తుంది. కొత్తగా కలిపిన సన్న నాళంలో రక్తం ఆగితే పెట్టిన ఎముక, కండ మొత్తం పోతాయి. “రోజుకు ఒక్కటే” అన్నది కూడా వద్దు.

షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. పళ్లు క్లీన్ చేయించుకోండి. రేడియేషన్ ఉండొచ్చంటే, పాడైన పళ్లు అది మొదలవడానికి కనీసం 2, 3 వారాల ముందే తీసేయాలి.

ఎముక తీసే కాలికి, కండ తీసే చేతికి సలైన్ సూది పెట్టనివ్వకండి. ఆ చేతి మీద పెన్నుతో “సూది వద్దు” అని రాసుకున్నా తప్పులేదు, రాత్రి డ్యూటీ మారినప్పుడు అదే కాపాడుతుంది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మాట రాదు. చదువు రానివాళ్లయితే నొప్పి, నీళ్లు, దగ్గు, బాత్రూమ్ అని సైగలు ముందే ఇంట్లో కలిసి నేర్చుకోండి.

7. మొదటి వారం: పక్కన కూర్చునేవాళ్ల పని

గొంతు దగ్గర గొట్టం, ముక్కులో తిండి పోసే రైల్స్ ట్యూబు, ముఖం బాగా వాచి ఉండడం చూసి ఇంటివాళ్లు బెదిరిపోతారు. ఇవన్నీ అనుకున్నవే. గొంతు గొట్టం ఎక్కువమందికి కొద్ది రోజుల్లోనే తీసేస్తారు.

మొదటి 3 రోజులు అసలు పరీక్ష. నోట్లో పెట్టిన కండ రంగు నర్సులు గంటగంటకూ చూస్తారు. మీరూ చూడండి. లేత గులాబీ రంగులో, వెచ్చగా ఉంటే మంచిది. నీలం, ఊదా రంగుకు తిరిగినా, తెల్లగా పాలిపోయినా, మెడ ఉన్నట్టుండి ఉబ్బినా ఆ నిమిషమే పిలవండి. “పొద్దున డాక్టర్ వస్తారుగా” అని ఆగొద్దు. కొద్ది గంటల్లోపే థియేటర్‌కు తీసుకెళ్తేనే కాపాడడానికి వీలుంటుంది. మెడ చుట్టూ తాడు, తాయెత్తు, బిగుతైన కట్టు ఏదీ ఉండకూడదు. తల సర్జన్ చెప్పిన వైపే ఉండాలి.

ట్యూబు ద్వారా తిండి పెట్టేటప్పుడు:

- తలవైపు ఎత్తి, సగం కూర్చున్నట్టు ఉంచండి. పెట్టాక అరగంట నుంచి గంట దాకా పడుకోబెట్టొద్దు.
- ముక్కు దగ్గర ట్యూబు మీద ఉన్న గుర్తు జరిగిందేమో ప్రతిసారీ చూడండి. జరిగితే ఏమీ పోయకుండా నర్సును పిలవండి.
- రాగి జావ, జొన్న అంబలి, పాలు, పప్పుకట్టు, పుట్నాల పొడి కలిపిన జావ, ఏదైనా మిక్సీ పట్టి సన్నగుడ్డలో వడకట్టాలి. ఎంత, ఎన్నిసార్లు అన్నది డైటీషియన్ చెప్పినట్టే.
- చివర్లో కొంచెం మంచినీళ్లు పోసి ట్యూబు కడగాలి.

తరచూ జరిగే తప్పు: పెదవులు ఎండిపోయాయని జాలిపడి ఎవరో ఒకరు చెంచాతో కొబ్బరినీళ్లు నోట్లో పోస్తారు. లోపలి కుట్లు విడిపోయి, లాలాజలం మెడలోకి కారి, వారాలకు వారాలు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుంది. డాక్టర్ సరే అనేదాకా నోటితో చుక్క కూడా వద్దు. తడిగుడ్డతో పెదవులు తుడవండి, చాలు.

8. ఆబ్ట్యురేటర్ సరిపోయిందో లేదో ఇంట్లో చూసుకోవడం

సెట్టు పెట్టుకుని “పాప” అనండి. ఎదుటివాళ్లకు “మామ” అని వినిపిస్తే గాలి ముక్కులోకి పోతోందన్నమాట. ఇంకో పద్ధతి: ముక్కు కింద చిన్న అద్దం పెట్టి, ముక్కుతో ఊపిరి వదలకుండా “పాప, బాబు” అనండి. అద్దం మీద ఆవిరి పడితే ఎక్కడో సందు ఉంది. తర్వాత నిటారుగా కూర్చుని ఒక్క గుక్క నీళ్లు తాగండి, ముక్కులోంచి రాకూడదు. ఏది తప్పినా ప్రోస్తోడాంటిస్ట్ దగ్గరికి వెళ్లండి. గాయం మానేకొద్దీ ఆకారం మారుతుంది కాబట్టి మొదటి నెలల్లో సరిచేయించుకోవడం మామూలే. ఇంట్లో ఆకురాయితో అరగదీయకండి.

మొదటి నెలల్లో కడగడానికి తప్ప ఎక్కువసేపు తీసి పెట్టొద్దు. కండ ముడుచుకుపోయి మళ్లీ ఎక్కదు. రాత్రి తీయాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. మెత్తని బ్రష్, సబ్బు, చల్లని నీళ్లతో కడగండి. వేడినీళ్లలో వేస్తే వంకరపోతుంది, పేస్టుతో తోమితే గీతలు పడతాయి. తీసినప్పుడు నీళ్ల గిన్నెలో ఉంచండి, కాగితంలో చుట్టి దిండు కింద పెడితే విరిగిపోవడమో, పారేయడమో జరుగుతుంది.

9. నోరు తెరిచే వ్యాయామం

సర్జన్ మొదలుపెట్టమన్న రోజు నుంచి ఒక్క రోజూ మానొద్దు. శుభ్రమైన ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పేర్చి పళ్ల మధ్య పెట్టి, కొన్ని రోజులకోసారి ఒక పుల్ల కలుపుతూ పోవాలి. కొలత మీ వేళ్లే: మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకోవాలి. గుట్కా వల్ల ముందే నోరు బిగిసినవాళ్లకు, రేడియేషన్ తీసుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కట్టిన ఎముక ఉన్నచోట పుల్లలు పెట్టొచ్చో లేదో అడిగి మొదలుపెట్టండి. దవడ ఒక పక్కకు లాగుతుంటే గైడ్ ఫ్లాంజ్ అనే పరికరం ఉంది, ప్రోస్తోడాంటిస్ట్‌ను అడగండి. ఆలస్యమైతే అది పనిచేయదు.

10. రేడియేషన్, ఆ తర్వాత పళ్లు

క్యాన్సర్‌కు రేడియేషన్ అవసరమైతే ఆపరేషన్ అయిన 6 వారాల్లోపు మొదలుకావాలి. పంట కోతలనో, ఇంట్లో పెళ్లనో వాయిదా వేయకండి.

రేడియేషన్ వల్ల ఉమ్ము తగ్గి మిగిలిన పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. అందుకే ట్రేలో వేసి పళ్లకు పెట్టుకునే ఫ్లోరైడ్ జెల్ రాసిస్తారు. ఆ పేరు వినగానే మన జిల్లావాళ్లు ట్రే పక్కన పడేస్తారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఊళ్లను వంచేసిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగే నీళ్లలోంచి ఒంట్లోకి పోయింది. ఈ జెల్ పంటి మీద కొద్ది నిమిషాలు ఉంచి ఉమ్మేసేది. మింగకండి, కానీ మానకండి.

రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకితే ఎముక మానక కుళ్లే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. ఏ పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా, పదేళ్ల తర్వాతైనా సరే, కుర్చీలో కూర్చోకముందే ఈ సంగతి చెప్పండి.

కాలి ఎముకలో ఇంప్లాంట్లు మామూలుగా 6 నెలల తర్వాత ఆలోచిస్తారు, రేడియేషన్ అయినవాళ్లకు ఇంకా ఎక్కువ ఆగాలి. ఇంప్లాంట్లు కుదరకపోతే తీసిపెట్టే సెట్టుతో మెత్తని అన్నం, పప్పు, ఉడికిన కూరలు బాగానే తినొచ్చు. దవడలోని నరం కూడా తీసేస్తే ఆ పక్క కింది పెదవికి స్పర్శ ఉండదు. వేడి టీ తాగేటప్పుడు, షేవింగ్ చేసుకునేటప్పుడు అద్దం దగ్గర ఉండాలి.

11. అంతా బాగుందని ఎలా తెలుసుకోవాలి

తీసిన గడ్డ తుది పాథాలజీ రిపోర్టు కచ్చితంగా అడిగి తీసుకోండి. అందులో మార్జిన్లు ఫ్రీ (తీసిన ముక్క అంచుల్లో గడ్డ లేదు) అని ఉందా, లేదా అని డాక్టర్‌తో చదివించుకోండి. డిశ్చార్జి హడావుడిలో చాలామంది ఈ కాగితం లేకుండానే ఇంటికి వచ్చేస్తారు.

చిగురులోంచి గానీ చర్మంలోంచి గానీ లోహం మెరిసినా, చీము కారినా, నమిలేటప్పుడు టక్కుమని శబ్దం వచ్చినా, పళ్లు కలిసే తీరు మారినా వెంటనే చూపించండి. స్క్రూ ఒక్కటే వదులైనప్పుడు చిన్న పనితో పోతుంది.

క్యాన్సర్ అయితే మొదటి ఏడాది డాక్టర్ చెప్పిన ప్రతి తేదీకీ వెళ్లాలి, మెడలో గడ్డలు కూడా చూస్తారు. అమెలోబ్లాస్టోమా పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు, కాబట్టి ఏడాదికోసారి ఓపీజీ తీయించండి. దానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో తీయించి పాతదాని పక్కన పెట్టి చూపిస్తే సరిపోతుంది. ప్రతి ఓపీజీ వెనక తేదీ రాసి ఆ ఫైల్లోనే పెట్టండి, ఫోనులో కూడా ఒక ఫొటో ఉంచుకోండి.